ఒక్కో గుంతకు 69 పైసలు

నారు వ్యాపారం గురించి యూట్యూబులో వినిపించే లెక్క చాలా తేలిక. మొక్క రూపాయి, లక్ష మొక్కలు పెంచితే లక్ష రూపాయలు. నారు పాతిక రోజుల్లో చేతికొస్తుంది కాబట్టి ఏడాదికి పది పన్నెండు సార్లు. కాగితం మీద గుణించి చూసుకున్నవాళ్లకు ఉన్న ఉద్యోగం మానేద్దామనిపిస్తుంది. ఆ లెక్కలో గుణకారం తప్పేమీ కాదు. వేసిన ప్రతి గింజా మొలుస్తుందని, మొలిచిన ప్రతి మొక్కా తన రోజుకు అమ్ముడవుతుందని అనుకోవడమే తప్పు.

అందుకే మనం లెక్కను మొక్క దగ్గర కాకుండా గుంత దగ్గర మొదలుపెడదాం. కూరగాయల నారుకు ఎక్కువగా వాడే ప్రోట్రే అనే ప్లాస్టిక్ పళ్లెంలో 98 గుంతలుంటాయి. పొడవు సుమారు 54 సెంటీమీటర్లు, వెడల్పు 27. చదరపు మీటరుకు ఏడు కంటే కొంచెం తక్కువ ట్రేలు పడతాయి. గుంతలో మొక్క ఉన్నా లేకున్నా కొబ్బరి పొట్టు పడుతుంది, నీళ్లు పడతాయి, మనిషి చెయ్యి పడుతుంది. ఖర్చు గుంతకు, రాబడి మొక్కకు. ఈ రెండింటి మధ్య తేడాలోనే ఈ వ్యాపారమంతా ఉంది.

నర్సరీ అనగానే మనకు కడియం గుర్తొస్తుంది. గోదావరి కాలవల పక్కన పూలమొక్కలు, అంట్లు, నీడనిచ్చే చెట్లు పెంచి దేశమంతా పంపే ఊళ్లవి. అక్కడ మొక్క ఈ నెల అమ్ముడుపోకపోతే పెద్ద కుండీలోకి మారి వచ్చే ఏడాది ఎక్కువ ధర పలుకుతుంది. టమాటా, మిరప నారుకు ఆ భాగ్యం లేదు. కొంచెం అటూ ఇటూగా ఓ వారం దాటితే అది పెంటకుప్పకే. రెండూ నర్సరీలే అయినా వ్యాపారాలు వేరు. ఈ కథనం రెండోదాని గురించే.

రైతు నారును ఎందుకు కొంటున్నాడు?

ఒకప్పుడు నారుమడి ఎవరి పొలంలో వారిదే. టమాటాలో సూటి రకమైతే ఎకరానికి 200 గ్రాముల విత్తనం, మిరపలో అయితే 650 గ్రాములు మడిలో చల్లి, మొలిచినవాటిలో బలమైనవి పీకి నాటేవారు. సగం పోయినా బాధ లేదు, విత్తనం చవక. హైబ్రిడ్లు వచ్చాక టమాటాలో 60 నుంచి 80 గ్రాములు, మిరపలో 75 నుంచి 100 గ్రాములకు దిగింది. విత్తనం తగ్గింది కానీ గింజ ఖరీదు పెరిగింది. పది గ్రాముల టమాటా ప్యాకెట్లో మూడు వేల పైచిలుకు గింజలుంటాయి. దాని ధర 900 రూపాయలనుకుంటే గింజ 30 పైసలు. డిమాండున్న మిరప రకమైతే ఇంకా ఎక్కువ, ఎందుకంటే మిరప గింజ బరువు. అదే పది గ్రాముల్లో రెండు వేల లోపే వస్తాయి. ఇంత పోసి కొన్న గింజను మడిలో చల్లి వానకు, చీమకు వదిలేయడానికి ఎవరికీ మనసొప్పదు.

రెండో కారణం రసం పీల్చే పురుగు. ఆకుముడత వైరస్‌ను తెల్లదోమ మోసుకొస్తుంది. నారు దశలోనే అంటుకున్న మొక్క పొలంలో పెరుగుతుంది కానీ కాయదు. 2021-22లో కొత్త రకం నల్ల తామర పురుగు గుంటూరు, ప్రకాశం నుంచి ఖమ్మం, వరంగల్ వరకు మిరప తోటల్ని ఏ స్థాయిలో దెబ్బకొట్టిందో ఆ ప్రాంతాల రైతులకు చెప్పక్కర్లేదు. పూత దశలో తోటలు దున్నేసినవాళ్లున్నారు. వల కింద పెంచిన నారు అలాంటి పురుగును పొలంలో ఆపలేదు. కానీ మొదటి 40 రోజులు శుభ్రంగా గడిచాయన్న భరోసా ఇస్తుంది. రైతు మన దగ్గర కొనేది ఆ భరోసాను.

అయిదు సెంట్ల లెక్క

అయిదు సెంట్లంటే 202 చదరపు మీటర్లు. తెలంగాణ లెక్కలో రెండు గుంటలు. (ఈ గుంట వేరు, ట్రే గుంత వేరు, కలిపేసుకోకండి.) దీనిలో దారులు, విత్తనాలు వేసే చోటు, నీళ్ల తొట్టి పోగా 120 చదరపు మీటర్లు ట్రేలకు మిగులుతుంది. 800 ట్రేలు పడతాయి. అంటే ఒక విడతకు 78,400 గుంతలు.

ఇక్కడి నుంచి నేను వేసే ధరలు లెక్క నడవడానికి వేసుకున్నవి. మీ మండలంలో కూలి, మీ డీలరు రేటు ఎంతో వాటి స్థానంలో పెట్టుకోండి. లెక్క పద్ధతి మారదు.

షేడ్‌నెట్ ఇనుప పైపులతో చదరపు మీటరుకు 800 చొప్పున 1,60,000. నేల మీద పరిచే కలుపు పట్టా 10,000. తొట్టి, మోటారు, పైపులు, స్ప్రేయరు 30,000. ట్రేలు 800 సరిపోవు. నారుతో పాటు రైతు వెంట వెళ్లిన ట్రేలు తిరిగి రావడానికి పది రోజులు పడుతుంది, కొన్ని అసలు రావు. 1,200 కొనాలి, ఇరవై చొప్పున 24,000. మొత్తం పెట్టుబడి 2,24,000. రాయితీ సంగతి ఇక్కడే చెప్పేస్తాను. సమీకృత ఉద్యాన మిషన్ కింద షేడ్‌నెట్‌కు సగం రాయితీ ఉంది. 2014 నాటి మార్గదర్శకాల్లో గొట్టపు నిర్మాణానికి చదరపు మీటరుకు 710 రూపాయలు యూనిట్ ఖర్చుగా లెక్కగట్టేవారు. 2025లో ఆ లెక్కలు సవరించారు. మీ ఉద్యాన అధికారిని అడిగి ఈ ఏడాది మీ జిల్లాకు ఎన్ని యూనిట్లున్నాయో తెలుసుకోండి. రాయితీ వస్తుందని అప్పు చేసి నెట్ వేయడం మాత్రం వద్దు. వస్తే అది పెట్టుబడిని తగ్గిస్తుంది, వ్యాపారాన్ని నిలబెట్టదు.

ఇప్పుడు గుంత ఖర్చు. టమాటానే తీసుకుందాం.

గింజ 30 పైసలు. అయిదు కిలోల కొబ్బరి పొట్టు ఇటుక నీళ్లలో నానితే 70 లీటర్ల దాకా పొంగుతుంది. ట్రేకు రెండున్నర లీటర్లు పట్టే లెక్కన 28 ట్రేలు నిండుతాయి. ఇటుక 150 అయితే గుంతకు అయిదున్నర పైసలు. ట్రేను నాలుగు సార్లు వాడితే గుంతకు అయిదు పైసలు. నింపి, గింజ వేయడానికి మనిషి రోజుకు 50 ట్రేలు చేస్తాడనుకుంటే 800కు పదహారు కూలీలు. కూలి 450 చొప్పున గుంతకు తొమ్మిది పైసలు. పాతిక రోజుల పాటు నీళ్లు పెట్టి చూసుకునే మనిషికి పూటకు 250 చొప్పున ఎనిమిది పైసలు. ఆ మనిషి మీరే అయినా ఈ ఎనిమిది పైసలు రాయాల్సిందే, లేకపోతే మీ కూలినే లాభమనుకుని మురిసిపోతారు. మందులు, పోషకాలు, కరెంటు మూడు పైసలు. నెట్, మోటారు వగైరా రెండు లక్షల సరంజామా అయిదేళ్లు, ఏడాదికి ఆరు విడతలు వాడితే అరుగుదల ఎనిమిదిన్నర పైసలు.

అన్నీ కలిపితే గింజ కాకుండా 39, గింజతో 69 పైసలు. ట్రేకు 67 రూపాయల 62 పైసలు. ఇందులో నారు వేసే రోజుకు చేతిలో ఉండాల్సిన నగదు విడతకు దాదాపు 37,000. అందులో 23,500 ఒక్క గింజదే.

ఆరు విడతలే ఎందుకు? పాతిక రోజుల నారు, మూడు రోజుల సర్దుబాటు అనుకుంటే ఏడాదికి పదమూడు సార్లు నింపొచ్చు కదా? నింపొచ్చు, కొనేవాడుంటే. మిరప నారు అడిగేది జులై నుంచి సెప్టెంబరు దాకా. క్యాబేజీ, కాలీఫ్లవరు సెప్టెంబరు నుంచి నవంబరు. వేసవి టమాటా, పుచ్చ, కర్బూజా చలి చివర్లో. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకు వల కింద కూడా నారు వడలుతుంది, పైగా అడిగేవాళ్లూ తక్కువే. కాలువ నీళ్లున్న చోట, మదనపల్లె లాగా ఏడాది పొడవునా టమాటా వేసే చోట తప్ప మిగతా వాళ్లకు ఆరు విడతలు కుదిరితే మంచి ఏడాదే.

98లో ఎన్ని?

మొక్కను రూపాయి పది పైసలకు అమ్మారనుకోండి. నూటికి 85 గుంతల్లో అమ్మదగ్గ మొక్క వచ్చి అన్నీ అమ్ముడుపోతే ట్రేకు 91 రూపాయల 63 పైసలు వస్తాయి. లాభం 24. విడతకు 19,200. బాగుంది.

మొలక అంతే ఉండి, అయిదో వంతు నారు మిగిలిపోతే? ట్రేకు లాభం అయిదారు రూపాయలు, విడతకు 4,500. అమ్మకం పూర్తిగా జరిగి, మొలక 70కి పడితే? విడతకు 6,300. రెండూ ఒకేసారి జరిగితే, అంటే 70 శాతం మొలక, అందులో అయిదో వంతు మిగులు, విడతకు 5,800 నష్టం. ధర ఒక్క పైసా తగ్గించకుండానే, ఒక్క తెగులు రాకుండానే!

70 శాతం అనేది నేను బెదిరించడానికి తెచ్చిన అంకె కాదు. విత్తన ధ్రువీకరణ ప్రమాణాల్లో టమాటాకు, వంగకు, క్యాబేజీకి కనీస మొలక శాతం 70. కాలీఫ్లవరుకు 65. మిరపకు 60 మాత్రమే. అంటే నూటికి 60 మొలిచే మిరప విత్తనం అమ్మినవాడు తప్పు చేసినట్టు కాదు. పేరున్న హైబ్రిడ్లు మామూలుగా ఇంతకన్నా బాగానే మొలుస్తాయి. కానీ ప్యాకెట్ మీద పరీక్ష తేదీ, గడువు తేదీ అచ్చువేసి ఉంటాయి. ధ్రువీకరించిన విత్తనానికి మొదటి గడువు పరీక్ష తేదీ నుంచి తొమ్మిది నెలలు. దుకాణదారు అల్మరాలో ఎండకు వేగి గడువు చివర్లో ఉన్న ప్యాకెట్‌ను "మన సారుకే కదా" అని తగ్గింపు ధరకు ఇస్తాడు. గింజ మీద అయిదు పైసలు కలిసొస్తుంది. ట్రేకు నాలుగు రూపాయల 90 పైసలు. మొలక 85 నుంచి 80కి పడితే పోయేది ట్రేకు అయిదు రూపాయల 39 పైసలు. తగ్గింపు ఖాయం, మొలక అనుమానం. ఈ బేరం ఎవరికి లాభమో చూడండి.

కొత్త లాట్ తెచ్చిన రోజే వంద గింజలు లెక్కపెట్టి తడి గుడ్డలో చుట్టి పెట్టండి. టమాటా అయిదో రోజు నుంచి, మిరప వారం తర్వాత కనిపిస్తుంది. రెండు వారాలకు ఆఖరి లెక్క. ఖర్చు ముప్పై రూపాయల గింజలు. విడత మొత్తం మీద 23,500 పెట్టే ముందు ఇది పెద్ద మొత్తమేమీ కాదు. రెండు వారాలు ఆగే తీరిక లేదంటే కనీసం పది ట్రేలు ముందు వేసి చూడండి.

ఇక మొలిచిన మొక్కలన్నీ అమ్మదగ్గవి కావు. విత్తిన ట్రేలను పదేసి ఒకదాని మీద ఒకటి పేర్చి, పాలిథిన్ షీటు కప్పి వెచ్చగా ఉంచుతారు. టమాటాకైతే మూడు రోజులు చాలు. మొలక పొట్టును తోసుకుని తెల్లగా తల వంచి కనిపించగానే విప్పి పరచాలి. ఆ పూట పెళ్లికెళ్లి మర్నాడు విప్పితే, చీకట్లో ఉన్న మొలకలు రాత్రికి రాత్రే దారంలా సాగిపోయి ఉంటాయి. ఆ సాగిన కాడ మళ్లీ కుదురుకోదు. నీళ్లు పెట్టేటప్పుడు చూడండి, పట్టా అంచున ఉన్న ట్రేలు, ముఖ్యంగా మూలల్లోని గుంతలు, మధ్యవాటికన్నా ముందు ఎండుతాయి. అన్నిటికీ ఒకేలా గొట్టం తిప్పితే అంచులు వడలుతాయి, మధ్యలోవి తడిసి నారుకుళ్లు పట్టుకుంటుంది. నారుకుళ్లు వస్తే మొక్క మొదట్లో నీళ్లోడినట్టు మెత్తబడి పక్కకు పడిపోతుంది, చుట్టుపక్కల పది గుంతలు వెంట పోతాయి. కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు మూడు గ్రాములు కలిపి మొదళ్లు తడిపితే వ్యాపించడం ఆగుతుంది. పడిపోయినవి మాత్రం లేవవు. చాలామంది నర్సరీల వాళ్లు మందుల మీద పెట్టే శ్రద్ధలో సగం నీళ్ల గొట్టం పట్టుకునే మనిషి మీద పెడితే ఆ మందు అవసరమే తగ్గుతుందని నా అభిప్రాయం.

వల విషయంలో ఒక మాట. నలభై, యాభై మెష్ వల తెల్లదోమను చాలావరకు ఆపుతుంది. తామర పురుగు అంతకన్నా సన్నం. దానికి నీలం రంగు జిగురు అట్టలు వేలాడదీసి కనిపెట్టుకుని ఉండాలి. ఎంత ఖరీదైన వల వేసినా ఒకే తలుపు పెట్టి, దాన్ని రోజంతా తెరిచి ఉంచే నర్సరీలు కొల్లలు. రెండు తలుపులు, మధ్యలో చిన్న గది. పెద్ద ఖర్చు కాదు.

రోజుల అద్దె

టమాటా 25 రోజుల్లో నాటడానికి సిద్ధం. క్యాబేజీ, కాలీఫ్లవరు దాదాపు అంతే. వంగ 30 నుంచి 35. మిరప 35 నుంచి 40. తీగజాతివి 12 నుంచి 15 రోజులే. ఈ అంకెలు ప్రతి కరపత్రంలోనూ ఉంటాయి. వాటిని ధరగా మార్చుకునేవాళ్లు తక్కువ.

టమాటా ట్రే 28 రోజులు చోటు ఆక్రమించి 24 రూపాయలు మిగిల్చింది. రోజుకు 86 పైసలు. మిరప మరో పదిహేను రోజులు కూర్చుంటుంది. ఆ పదిహేను రోజుల్లో టమాటా అయితే ఇంకో 13 రూపాయలు మిగిల్చేది. నీళ్లు పెట్టే మనిషికి పదిహేను పూటలు, ట్రేకు నాలుగున్నర పైచిలుకు. నెట్ అరుగుదల వాటా నాలుగున్నర. మొత్తం 22 రూపాయలు, ట్రేకు వచ్చే 83 మొక్కల మీద పంచితే 27 పైసలు. అంటే గింజ ధరలోని తేడా లెక్కలోకి రాకముందే మిరప మొక్కను టమాటా మొక్క కంటే పాతిక పైసలకు పైగా ఎక్కువకు అమ్మాలి. పక్క నర్సరీ వాడు రెండూ ఒకే రేటుకు ఇస్తున్నాడంటే అతను మిరప మీద నష్టపోతున్నాడు, ఆ సంగతి అతనికి తెలియకపోవచ్చు.

అమ్మకం గడువు ఇంకా గట్టిది. పాతిక రోజుల టమాటా మొక్కను కాడ పట్టుకుని పైకి లాగితే, పొట్టు ముద్ద విడిపోకుండా వేళ్లతో సహా దిమ్మలా ఊడి రావాలి. అది సరైన రోజు. ముప్పై అయిదో రోజుకు వేళ్లు గుంతలో చుట్టలు చుట్టుకుంటాయి, కాడ పీచు పడుతుంది, కింది ఆకులు పసుపెక్కుతాయి. రైతు ట్రే చూసి "ముదిరింది" అంటాడు, సగం ధర అడుగుతాడు. అతని తప్పేం లేదు. వాన పడక దుక్కి కాలేదనో, బోరు ఎండిందనో పది రోజులు వాయిదా వేసింది కూడా అతనే కావచ్చు, అయినా ముదిరిన నారును మీ ట్రేలోనే చూస్తాడు.

వాన కంటే పెద్ద ఊపు మార్కెట్టుది. 2023 జులై చివర్లో మదనపల్లె మార్కెట్లో టమాటా కిలో 200 రూపాయల దరిదాపులకు వెళ్లింది. ఆ వారం ఏ నర్సరీలో ఫోను మోగలేదు చెప్పండి! సెప్టెంబరుకల్లా అదే టమాటా పది రూపాయల చుట్టుపక్కలకు దిగింది. జులై చివర్లో ధర చూసి గింజ వేస్తే నారు ఆగస్టు చివరికి సిద్ధం. నాటిన రెండు నెలల తర్వాత గానీ మొదటి కోత రాదు. రైతుకు ఈ మూడు నెలల ఆలస్యం బాగా తెలుసు, అందుకే సెప్టెంబరులో ధర పడుతుండగానే నాటే ఆలోచన మానుకుంటాడు. అప్పటికి మీ దగ్గర 800 ట్రేలు సిద్ధంగా ఉంటాయి. ధర చూసి నారు వేసిన నర్సరీ, ధర చూసి పంట వేసిన రైతు కంటే ముందు దెబ్బ తింటుంది. కాబట్టి ధర పెరిగిన వారం ఆర్డర్లు తీసుకోండి, అడ్వాన్సు కూడా తీసుకోండి. అడ్వాన్సు లేని ఆర్డరుకు గింజ వేయకండి. ఎంత అంటే కనీసం గింజ ఖర్చు, మొక్కకు 30 పైసలు. అది కట్టినవాడు వస్తాడు. రాకపోయినా మీ నగదు నష్టం సగానికి పైగా తగ్గుతుంది.

బంతి ఇందుకు భిన్నం. దసరా, బతుకమ్మ, దీపావళి తేదీలు క్యాలెండర్లోనే ఉంటాయి. నాటిన 50, 55 రోజులకు పూలు, నారు దశ ఓ 25 రోజులు. పండగ నుంచి 80 రోజులు వెనక్కి లెక్కపెట్టి గింజ వేయాలి. వారం ఆలస్యమైతే పువ్వు పండగ తర్వాత పూస్తుంది, కాబట్టి ఆలస్యమైన నారును ఎవరూ కొనరు. కానీ ఎప్పుడు ఎంత అడుగుతారో రెండు నెలల ముందే తెలిసే నారు ఇదొక్కటే అనిపిస్తుంది నాకు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దీనితో మొదలుపెడితే నయం.

గింజ మీదా, రైతుదా?

మన రెండు రాష్ట్రాల్లోనూ బాగా నడిచే పద్ధతి ఒకటుంది. రైతే తనకు నచ్చిన కంపెనీ ప్యాకెట్ తెచ్చి ఇస్తాడు, నర్సరీ పెంపకం కూలి తీసుకుని నారు అప్పగిస్తుంది. చాలామంది నర్సరీ యజమానులు దీన్ని చిన్నచూపు చూస్తారు, మొక్కకు 50, 55 పైసలే వస్తాయని. లెక్క వేద్దాం. గింజ పోతే గుంత ఖర్చు 39 పైసలు, ట్రేకు 38 రూపాయల చిల్లర. మొక్కకు 55 చొప్పున 83 మొక్కలకు 45 రూపాయల 80 పైసలు. ట్రేకు ఏడున్నర మిగిలింది, విడతకు ఆరు వేలు. అదే 55 పైసలు మొలిచిన మొక్కకు కాకుండా గుంతకు, అంటే ట్రేకు 53 రూపాయల 90 పైసలని ముందే మాట్లాడుకుంటే ట్రేకు 15 రూపాయల పైన, విడతకు 12,500. గింజ రైతుదైనప్పుడు మొలవని గింజ బాధ్యత నర్సరీది ఎందుకవ్వాలి? ఈ ఒక్క మాట ముందు తేల్చుకోకపోవడం వల్లే నారు ఇచ్చే రోజు గొడవలు.

సొంత గింజతో అన్నీ కలిసొస్తే 19,200, అయిదో వంతు మిగిలిపోతే 4,500. రైతు గింజతో 12,500, మిగులు భయం దాదాపు లేదు, 23,500 నగదు కట్టిపడేసే పనీ లేదు. మొదటి రెండేళ్లు నేనైతే రెండోదే ఎంచుకుంటాను.

బాధ్యత గురించి ఇంకో సంగతి. పంట కాయకపోతే రైతు ముందు వచ్చేది నర్సరీకే. విత్తనం కొన్న రైతు వినియోగదారుడేనని, వినియోగదారుల ఫోరానికి వెళ్లొచ్చని సుప్రీంకోర్టు 2012లో జాతీయ విత్తన సంస్థ కేసులో స్పష్టం చేసింది. ఆ కేసు వేసింది మన ఆంధ్రప్రదేశ్ రైతులే. నారు అమ్మేవాడు తనకు వర్తించదులే అనుకోవడం తెలివైన పని కాదు. బిల్లు మీద కంపెనీ, రకం, లాట్ నంబరు, విత్తిన తేదీ, ఇచ్చిన తేదీ రాయండి. ఖాళీ ప్యాకెట్లు పంట కాలం అయ్యేదాకా దాచండి. ఉమ్మడి రాష్ట్రంలో 2010లో వచ్చిన ఉద్యాన నర్సరీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఉద్యాన శాఖ దగ్గర నమోదు చేసుకోవాలి. విభజన తర్వాత తెలంగాణకూ అదే ఆధారం.

పన్ను సంగతీ చెప్పేస్తాను: బతికున్న మొక్కల మీద జీఎస్టీ లేదు. నర్సరీలో పెంచిన నారు మీద ఆదాయాన్ని వ్యవసాయ ఆదాయంగానే పరిగణించాలని 2008 ఫైనాన్స్ చట్టంతో ఆదాయపు పన్ను చట్టంలో చేర్చారు. పెంచకుండా కొని అమ్మితే ఆ వెసులుబాటు ఉండదు.

ఎవరికి కుదురుతుంది?

ఆరు విడతలూ 19,200 చొప్పున వచ్చాయనే అనుకుందాం. ఏడాదికి 1,15,200. మీరు స్వయంగా నీళ్లు పెట్టుకుంటే ఆ కూలి 37,500 కూడా మీదే. మొత్తం లక్షా యాభై రెండు వేల చిల్లర, నెలకు పన్నెండు వేల ఏడు వందలు. ఇది అంతా సవ్యంగా జరిగిన ఏడాది సంగతి. అయిదు సెంట్ల నారు ఇల్లు గడిపే వ్యాపారం కాదు. ఇప్పటికే పొలం, బోరు, ఇంట్లో మనుషులు ఉన్న కుటుంబానికి అదనపు ఆదాయం.

పెద్దది చేస్తే? పాతిక సెంట్లలో 4,000 ట్రేలు పడతాయి. ఇక్కడ అడ్డొచ్చేది స్థలమూ పెట్టుబడీ కాదు, ఎకరాలు. కర్రలు పాతి పెంచే టమాటాకు ఎకరానికి ఎనిమిది వేల మొక్కలనుకుంటే 800 ట్రేల నారు ఎనిమిదెకరాలకు సరిపోతుంది. 4,000 ట్రేలది 40 ఎకరాలకు పైనే. ఒకే వారంలో, మీకు బండి కిరాయి గిట్టుబాటయ్యే దూరంలో, 40 ఎకరాల టమాటా నాటే రైతులు ఉన్నారా? రైతులు ఒకే వారంలో రారు కాబట్టి ట్రేలను వారానికి రెండు వందల చొప్పున అంచెలంచెలుగా వేసుకోవడం అయిదు సెంట్లలోనే అలవాటు చేసుకోవాలి.

భూమే లేనివాళ్లు మిద్దె మీద చెయ్యగలరా అని అడుగుతారు. వంద చదరపు అడుగుల డాబాలో దారులు పోగా 38 ట్రేలు పడతాయి. 98కి బదులు 50 పెద్ద గుంతలుండే ట్రేలు వాడి, హైదరాబాదులోనో విజయవాడలోనో మిద్దెతోటల వాళ్లకు మొక్క అయిదు రూపాయలకు అమ్మితే, నూటికి 80 వచ్చినా 1,520 మొక్కలు, 7,600 రూపాయలు. పొలం రైతు ఇచ్చే దానికి నాలుగు రెట్లకు పైగా ధర. కానీ మిద్దెతోట మనిషి కొనేది నాలుగు టమాటా, నాలుగు వంగ, రెండు మిరప. 1,520 మొక్కలంటే 152 మంది కొనుగోలుదారులు, ఒక్కొక్కరితో పది నిమిషాల మాట. మాట్లాడటం ఇష్టమైనవాళ్లకు ఇది మంచి వ్యాపారం.

నెట్ వేయకముందే ఒక విడత చేసి చూడాలనుకుంటే 100 ట్రేలతో చేయండి. గింజ 2,940, నాలుగు ఇటుకల పొట్టు 600, ట్రేలు 2,000. ఆరు వేల లోపు. పదిహేను చదరపు మీటర్ల చోటు, దాని మీద వంచిన కడ్డీలు, దోమతెర వల. అందులోంచి వచ్చే ఎనిమిది వేల మొక్కలు ఒక ఎకరానికి, పోగుంటలు నింపడానికి కొన్నిటితో సహా, సరిపోతాయి. ముందుగా అడ్వాన్సు ఇచ్చే ఆ ఒక్క ఎకరం రైతు మీ ఊళ్లో దొరక్కపోతే, రెండు లక్షల నెట్ వేసినా ఎనిమిది ఎకరాల రైతులు దొరకరు.